ఇంట్లో ఎవరూ లేరు, మజ్జిగ బాగుంది

జీడివలసలో ఎవరికైనా తెలివి కావలసి వస్తే తవిటినాయుడి ఇంటికి వెళ్ళాలని తవిటినాయుడే చెప్పేవాడు. ఊళ్ళో ఇంకెవరూ ఆ మాట అనేవారు కాదు. అది ఈర్ష్య వల్ల, అని ఆయనే వివరించేవాడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు సింహాద్రి, రెండోవాడు గవరయ్య, మూడోవాడు అప్పన్న. తండ్రి తెలివి ముగ్గురూ పంచుకుంటే తగ్గాలి కదా, తగ్గలేదు. ఒక్కొక్కడికీ నిండుగా వచ్చింది. చిన్నప్పుడు బడిలో మాస్టారు పాఠం రేపటికల్లా నోటికి రావాలన్నాడని, మర్నాడు ముగ్గురూ పుస్తకం పేజీలు నములుకుంటూ బడికి వెళ్ళారు. ఆ సంగతి తవిటినాయుడు ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ గర్వంగా చెబుతాడు. మా వాళ్ళు మాట జవదాటరు, అంటాడు.

వాళ్ళమ్మ నాలుగు రోజులుండి వస్తానని కూతురింటికి వెళ్ళింది. ఆరేళ్ళయింది. అక్కడ రోజులు పెద్దవి కాబోలు, అని తవిటినాయుడు ఓపిగ్గా ఎదురు చూస్తున్నాడు.

ఆ ఇంటికి ఒక్కగానొక్క కోడలు నీలవేణి, సింహాద్రి పెళ్ళాం. అయిదేళ్ళుగా నలుగురు తెలివైన మగవాళ్ళకి వండి వారుస్తోంది. ఆమెకి తెలివి లేదని నలుగురూ ఏకగ్రీవంగా తీర్మానించారు. కారణం, ఎవరైనా ఒక మాట అంటే ఈ పిల్ల దాని అర్థమేమిటా అని ఆలోచిస్తుంది. మాటకి మళ్ళీ అర్థమేమిటి, మాటే కదా, అని మామగారి సిద్ధాంతం. మిగతా ఇద్దరు కొడుకులకీ పెళ్ళిళ్ళు కాలేదు. చుట్టుపక్కల ఊళ్ళ ఆడపిల్లలకి ఆ మాత్రం అర్థాలు తెలుసు.

ఈ ఇంటికి శీఘ్రవాహిని పార్సిల్ సర్వీసు ఏజెన్సీ ఎలా వచ్చిందో చెప్పాలి. అంతకుముందు ఏజెన్సీ నడిపినాయన బజారులో టీ బడ్డీ దగ్గర కూర్చుని, ఒక్క గుమ్మం తొక్కకుండా, ఊరందరి పార్సిళ్ళకీ "వెళ్ళాం, ఇంట్లో ఎవరూ లేరు" అని ఫోనులో నొక్కేసేవాడు. కాలు విరిగి ఆరు నెలలుగా మంచం దిగని ముసలాయన ఇంట్లో లేడు. పెళ్ళివారితో కిటకిటలాడుతున్న ఇంట్లోనూ ఎవరూ లేరు. చివరికి ఎవరో మొండిమనిషి హెడ్డాఫీసు దాకా వెళ్ళి గోల చేస్తే ఆయన్ని తీసేశారు. ఇక అబద్ధం రాయని మనుషులు కావాలని హెడ్డాఫీసు వెతికింది. అబద్ధమాడాలంటే ముందు నిజమేమిటో తెలియాలి, తర్వాత దాని బదులు ఇంకోటి అల్లాలి. రెండు పనులు. తవిటినాయుడి వంశంలో ఒకేసారి రెండు పనులు చేసిన మగవాడు లేడు. అంతే, ఏజెన్సీ వాళ్ళకే ఇచ్చారు.

హెడ్డాఫీసు నుంచి చలపతిరావు అనే ఇన్‌స్పెక్టరు వచ్చి నలుగురినీ వరుసగా నిలబెట్టి నియమాలు చెప్పాడు. పార్సిల్ అడ్రసులోనే ఇవ్వాలి, ఆఫీసులో ఇవ్వకూడదు. తలుపు తట్టి, ఇంట్లో ఎవరైనా ఉన్నారా అని మర్యాదగా అడగాలి. వాళ్ళేం చెబితే అదే రాయాలి, ఒక్క అక్షరం మార్చకూడదు. ఇవ్వలేకపోతే ఎందుకివ్వలేదో ఉన్నదున్నట్టు రాసి, వెళ్ళినట్టు సాక్ష్యానికి తలుపు ఫొటో తీసి పంపాలి. మూడుసార్లు వెళ్ళినా కుదరకపోతే పార్సిల్ పంపినవాళ్ళకే తిప్పి పంపేయాలి. ఇవ్వకపోయినా ఫరవాలేదు కానీ అబద్ధం రాస్తే మాత్రం ఏజెన్సీ పీకేస్తామని బెదిరించి బస్సెక్కాడు. ఆ చివరి ముక్క నలుగురికీ బాగా ఎక్కింది.

ఇంకేముంది, మర్నాటి నుంచి జీడివలసలో నిజం రాజ్యమేలింది. గవరయ్య ఒక పార్సిల్‌కి "ఇవ్వలేదు. కారణం: ఎండగా ఉంది, వెళ్ళబుద్ధి కాలేదు" అని రాశాడు. అప్పన్న ఇంకోదానికి "కుక్క ఉంది. మంచిదేనన్నారు. నాకు అలా అనిపించలేదు" అని రాశాడు. హెడ్డాఫీసు గుమాస్తాలు అది చదివి కళ్ళు తుడుచుకున్నారట. ఇన్నాళ్ళకి నిజం రాసేవాళ్ళు దొరికారని మెచ్చుకుంటూ ఉత్తరం పంపారు. పార్సిళ్ళు అందాయా లేదా అన్న ప్రశ్న ఆ ఉత్తరంలో లేదు.

ఆ ఊళ్ళో ఇంకో చిక్కుంది. పగలు మగవాళ్ళు తోటల్లోనో బజారులోనో ఉంటారు, ఇళ్ళలో ఆడవాళ్ళుంటారు. గుమ్మంలో ఎవరైనా నిలబడి ఇంట్లో ఎవరైనా ఉన్నారా అంటే ఆడవాళ్ళు చెప్పే జవాబు ఒకటే. ఎవరూ లేరండీ. అమ్మమ్మ అదే చెప్పింది, అమ్మ అదే చెప్పింది, మనవరాలు మాటలు రాగానే అదే చెబుతుంది. ఒక మనిషి రెండు కాళ్ళ మీద నిలబడి, నోరు తెరిచి, తాను లేనని తానే చెప్పడం ఎంత విచిత్రమో ఆ ఊళ్ళో ఎవరికీ ఎన్నడూ తోచలేదు. వినేవాళ్ళు ఇంటాయన లేడని సర్దుకునేవాళ్ళు. తవిటినాయుడి కొడుకులు సర్దుకునే రకం కాదు. సావరాల వీధిలో నలభై ఇళ్ళకి గవరయ్య వెళ్ళాడు, నలభై మంది ఆడవాళ్ళు తలుపు తీశారు, నలభై మందీ ఎవరూ లేరన్నారు. గవరయ్య నలభై సార్లూ అదే రాశాడు. ఒక చోట దాహమేసి ఆగాడేమో, అక్కడ ఇలా రాశాడు: "ఇంట్లో ఎవరూ లేరు. మజ్జిగ ఇచ్చారు. బాగుంది. ఉప్పు కొంచెం తక్కువ."

హెడ్డాఫీసు గుమాస్తా ఫోను చేసి మజ్జిగ ఎవరిచ్చారని అడిగాడు. ఎవరూ లేరని చెప్పినావిడే ఇచ్చిందండి, అన్నాడు గవరయ్య. ఆ గుమాస్తాకీ ఇంటి దగ్గర పెళ్ళాం ఉంది. అందుకని ఆయనకి అందులో తప్పేమీ కనిపించలేదు. సరే అని పెట్టేశాడు.

అలా నెల తిరిగేసరికి హెడ్డాఫీసు కాగితాల ప్రకారం జీడివలస పగటిపూట నిర్మానుష్యం. తవిటినాయుడి ముందు గది, అంటే ఆఫీసు, పార్సిళ్ళతో దూలాల దాకా నిండిపోయింది. ఎవరిదో కుట్టుమిషను, ఎవరిదో కుక్కరు, ఎవరివో మందులు. ఆ గుట్ట మీదే తవిటినాయుడు పడక వేసుకుని, ఊరి నిజమంతా తన వీపు కిందే ఉందని మురిసిపోయేవాడు.

నీలవేణికి ఇదంతా మొదట్లో నవ్వులాటగానే ఉండేది. తన పార్సిల్ వచ్చేదాకా.

వంటకీ వంటకీ మధ్య, బట్టలు ఆరేసే వేళకీ తీసే వేళకీ మధ్య, ఆమె ఇంట్లోనే ఉండి డిగ్రీ చదివింది. పట్నంలో ఆడపిల్లల హాస్టల్‌కి వార్డెన్ కావాలంటే పరీక్ష రాసింది. జాబితాలో మొదటి పేరు ఆమెదే. శుక్రవారం సాయంత్రం అయిదింటిలోగా అసలు డిగ్రీ కాగితం తెచ్చి చూపించాలి, లేకపోతే ఉద్యోగం రెండో పేరుకి వెళుతుందని కబురొచ్చింది. ఆ కాగితం విశ్వవిద్యాలయం వాళ్ళు పంపారు. దేంట్లో పంపారు? శీఘ్రవాహినిలో.

బుధవారం పొద్దున్న ముందు గది ఊడుస్తుంటే కనిపించింది. గోధుమరంగు కవరు. దాని మీద నీలవేణి అని ఒక్క తన పేరే. ఫలానావారి భార్య అన్న తోక లేదు. తన పేరు అలా ఒంటరిగా, హాయిగా కూర్చుని ఉండగా చూడడం ఆమెకి అదే మొదటిసారి. చీపురు పక్కన పెట్టి చెయ్యి చాపింది. తవిటినాయుడు గబుక్కున కవరు మీద అరచెయ్యి వేశాడు.

"అది పార్సిలమ్మా. ఆఫీసులో ఇవ్వకూడదు. అడ్రసులోనే ఇవ్వాలి."

"అడ్రసు ఇదే కదా మామయ్యా. ఈ ఇల్లే."

"ఈ ఇల్లే. కానీ ఈ గది ఆఫీసు. ఇల్లు ఆ గోడవతల మొదలవుతుంది. దాని గుమ్మం సందులో ఉంది. నువ్వు అక్కడికెళ్ళి ఉండు, మావాళ్ళు తెస్తారు."

నీలవేణి అయిదేళ్ళలో మొదటిసారి మామగారితో పెనుగులాడింది. కవరు ఒక కొస ఆమె చేతిలో, ఇంకో కొస ఆయన చేతిలో. ఆయన ఖాళీగా ఉన్న చేత్తో ఫోను తీసి, ఒక్కొక్క అక్షరం పైకి చదువుతూ నొక్కడం మొదలుపెట్టాడు. "దొంగతనానికి ప్రయత్నం జరిగింది. దొంగ మా కోడలు. మంచి పిల్ల. చారు బాగా పెడుతుంది." రాసి, పంపమంటావా అమ్మా, అని మర్యాదగా అడిగాడు. పిల్లల్ని అప్పజెప్పే ఉద్యోగానికి వెళ్ళబోతూ దొంగ అన్న పేరు కాగితాలకెక్కితే ఇంకేమైనా ఉందా. నీలవేణి కవరు వదిలేసింది. ఆయన రాసింది చెరిపేసి, ఆమెని ఇంట్లోకి పంపి, ఇంటికీ ఆఫీసుకీ నడిమి తలుపుకి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు.

అంతే. సింహాద్రి ఆ కవరు ట్రాలీ ఆటోలో పెట్టుకుని, గోడ అవతల ఉన్న తన ఇంటికి చేరడానికి ఊరంతా చుట్టి వద్దామని బయల్దేరాడు. నీలవేణి పొద్దుటినుంచి సందు గుమ్మం దగ్గరే కాచుకుంది. పదకొండయింది, రాలేదు. లోపల పప్పు అడుగంటిన వాసన వచ్చింది. పరిగెత్తుకుని వెళ్ళి గిన్నె దించుతోంది. సరిగ్గా అప్పుడే తలుపు చప్పుడైంది. "అమ్మా, ఇంట్లో ఎవరైనా ఉన్నారా?" అని మర్యాదస్తుడి గొంతు. చేతిలో కాలుతున్న గిన్నె, మనసంతా మాడిన పప్పు మీద. నోట్లోంచి మాట దానంతటదే జారిపోయింది.

"ఎవరూ లేరండీ."

అన్నాక నాలుక కరుచుకుంది. గిన్నె వదిలేసి పరిగెత్తి తలుపు తీసేసరికి ట్రాలీ ఆటో సందు మలుపు తిరుగుతోంది.

మధ్యాహ్నం సింహాద్రి భోజనానికొచ్చాడు. మాడిన పప్పు వడ్డిస్తూ, నా గొంతు గుర్తుపట్టలేదా నువ్వు, అని అడిగింది.

"ఎందుకు పట్టలేదు, నా పెళ్ళాం గొంతే కదా. నా పెళ్ళాం అబద్ధమాడదు. అందుకే లోపలికి కూడా తొంగి చూడకుండా నమ్మేశాను."

ఇంత నమ్మకమున్న మొగుడు ఎంతమందికి దొరుకుతాడు. నీలవేణి ఇంకో గరిటె మాడిన పప్పు వేసింది. సింహాద్రిని మాత్రం అనుకుని ఏం లాభం, ఆ మాట అన్నది తన నోరే. అయిదేళ్ళుగా ఈ ఇంట్లో, అంతకుముందు పుట్టింట్లో, ఎన్ని వేలసార్లు అని ఉంటుందో. ఆ పూట గిన్నెలు తోముతూ ఆమె ఒక పని చేసింది. ఎవరూ వినకుండా, మెల్లిగా, "ఉన్నాను" అని అనుకుని చూసింది. నోరు తిరగలేదు. ఇంకోసారి అంది.

గురువారం ఆమె వంట చీకటితోనే ముగించి, సందు గుమ్మం బయట అరుగు మీద కూర్చుంది. ఈసారి పప్పు మాడినా, ఇల్లు మాడినా కదిలేది లేదు. తొమ్మిదింటికి గవరయ్య వచ్చాడు, చేతిలో కవరు.

"ఇదిగో మరిదీ, ఉన్నాను. ఇలా ఇవ్వు."

గవరయ్య ఆమెని దాటుకుని వెళ్ళి తలుపు తట్టాడు. ఇంట్లో ఎవరైనా ఉన్నారా అమ్మా, అన్నాడు. లోపలి నుంచి జవాబు రాలేదు. రావాల్సిన మనిషి బయట కూర్చుని ఉంది. ఇంకేముంది, పైకి చదువుతూ రాసుకున్నాడు. "ఇంట్లో ఎవరూ లేరు. ఇంటి బయట ఒకావిడ ఉంది. మా వదినలా ఉంది."

నీలవేణి ఒక్క ఉదుటున లోపలికి దూకి, ఇప్పుడున్నాను కదా ఇంట్లో, అంది. గవరయ్య జాలిపడ్డాడు. రాసేశాను వదినా, రాసింది కొట్టేస్తే అబద్ధమవుతుంది, రేపు మూడోసారి ఉంది కదా అని ఊరడించి, ఫొటో కోసం తలుపు దగ్గరికి లాగాడు. నీలవేణికి ఒళ్ళు మండి తలుపు రెండు చేతులా పట్టుకుని ఊపేసింది. ఫొటోలో జుట్టు విరబోసుకున్న ఆడమనిషి, వెనకాల తలుపు ఉందో లేదో తెలియని మసక. ఆ ఫొటో హెడ్డాఫీసుకి వెళ్ళింది.

గంటలో గుమాస్తా దగ్గర్నుంచి జవాబొచ్చింది. ఫొటోలో ఎవరో అడ్డంగా ఉన్నారు, మాకు కావలసింది తలుపు, వెంటనే పంపండి.

అది చదివింది అప్పన్న. అతను చదువుకున్నవాడు. ఎంత చదువుకున్నాడంటే, నమిలిన పేజీల్లో ఎక్కువ భాగం అతనివే. తలుపు కావాలట, పంపమన్నారు, అని స్క్రూలు తిప్పే సాధనం పట్టుకుని వచ్చి సందు గుమ్మం తలుపు బందులతో సహా ఊడదీశాడు. గోనెపట్టా చుట్టి, తాడు కట్టి, హెడ్డాఫీసు అడ్రసు అంటించాడు. ట్రాలీ ఆటోలోకి ఎక్కించి, రేపు బస్సుకి వేస్తాం వదినా, పెద్దవాళ్ళు అడిగారు కదా కాదంటే బాగుండదు, అన్నాడు.

ఆ సాయంత్రం తలుపు లేని ఇంట్లోకి ఎవరిదో మేక వచ్చి కరివేపాకు కట్టలూ, నీలవేణి ఆరేసిన ఒక రవికె చేతినీ తిని వెళ్ళింది. దొంగలొస్తే ఏం చేస్తారు మామయ్యా, అని నీలవేణి అడిగింది. తవిటినాయుడు నవ్వాడు.

"తలుపే లేకపోతే దొంగలు ఎక్కడ్నుంచి వస్తారమ్మా?"

శుక్రవారం పొద్దున్న నీలవేణి పొయ్యి ముట్టించలేదు. రెండు చీరలు, దువ్వెన, కళ్ళద్దాలు ఒక సంచీలో పెట్టుకుంది. స్నానం చేసి, మేక వదిలిపెట్టిన మంచి రవికె వేసుకుని, గడప లోపల, ఇంట్లోనే, నట్టనడుమ నిలబడింది. ఈసారి బయట ఉందని ఎవరూ రాయడానికి వీల్లేకుండా. పది దాటాక సింహాద్రి వచ్చి ఆటో దిగాడు. కవరు తీశాడు. గుమ్మం ముందుకి వచ్చి, తట్టడానికి చెయ్యెత్తాడు. అక్కడ తలుపు లేదు. గాలిని తట్టాడు. చప్పుడు రాలేదు. మళ్ళీ తట్టాడు. చెయ్యి మాత్రం నీలవేణి ముక్కు దాకా వచ్చింది.

"తలుపు తట్టకుండా ఇవ్వకూడదే, నీలా," అన్నాడు. "ఈ కాగితం నీకివ్వాలని నాకు మాత్రం లేదా? కానీ తట్టాలి కదా. ఇది మూడోసారి."

నీలవేణి అతని మొహంలోకి చూసింది. అతని కళ్ళలో నీళ్ళున్నాయి, చేతిలో ఫోనుంది, వేలు అప్పుడే రాయడానికి వంగుతోంది. ఆ వేలు ఒక్కసారి నొక్కితే కవరు విశ్వవిద్యాలయానికి తిరుగుప్రయాణం. ఉద్యోగం రెండో పేరుకి. తను మళ్ళీ పప్పు దగ్గరికి. అయిదేళ్ళలో ఆమె వీళ్ళకి అర్థాలు చెప్పని రోజు లేదు, అర్థమైన రోజూ లేదు. ఆ రోజు మొదటిసారి చెప్పడం మానేసింది.

"మన తలుపు ఎక్కడుంది?" అంది.

"ఆటోలో."

"తలుపు ఉన్నచోటే కదా తట్టాలి."

అంటూనే సంచీ భుజాన వేసుకుని, గడప దాటి, ట్రాలీ ఆటో ఎక్కింది. గోనెపట్టా చించి పారేసి, తలుపుని నిలువుగా లేపి, దాని వెనకాల నిలబడింది. సందులో ఆడవాళ్ళు చేస్తున్న పనులు వదిలేసి బయటికొచ్చారు. సింహాద్రి బుర్ర గోక్కున్నాడు. నువ్వు ఆటోలో ఉన్నావు కదా, ఇంట్లో లేవు కదా, అన్నాడు.

"తలుపుకి నీ వైపు ఏముంటుంది?"

"వీధి."

"అవతల?"

సింహాద్రి చాలాసేపు ఆలోచించాడు. ఆ ఆలోచన కనుబొమల మధ్య పుట్టి చెవుల దాకా పాకడం సందులో అందరికీ కనిపించింది. "ఇల్లు," అన్నాడు చివరికి, కొత్త సంగతి కనిపెట్టినవాడిలా. అంతే, ముందుకొచ్చి తలుపు తట్టాడు. టక్ టక్ మని శుభ్రంగా వినిపించింది. మొహం విప్పారింది.

"అమ్మా, ఇంట్లో ఎవరైనా ఉన్నారా?"

తలుపు వెనకాల నీలవేణికి ఆ పాత మాట గొంతులోంచి లేచి నాలుక చివరికి వచ్చి కూర్చుంది. అమ్మమ్మ కూర్చోబెట్టిన మాట. దాన్ని బలవంతాన మింగింది.

"ఉన్నాను," అంది. "నేనున్నాను. నీలవేణిని."

సింహాద్రి ఫోను చూసి తడబడ్డాడు. ఆ నెలంతా ఏ ఇంట్లోనూ ఎవరూ ఇలాంటి జవాబు చెప్పలేదు. నేనున్నాను అనే రాయనా, అని అడిగాడు. అదే రాయి, ఒక్క అక్షరం మార్చకు, అంది. రాశాడు. కవరు ఇచ్చాడు. సంతకం పెట్టి, కవరు రవికెలో దోపుకుని, ఆటోలోంచి దూకి, మెయిన్ రోడ్డు మీద వెళుతున్న షేర్ ఆటో ఆపింది. ఎక్కడికీ, అని వెనక నుంచి సింహాద్రి అరిచాడు. ఉద్యోగానికి, అంది. ఆ మాటకి ఎవరూ వేరే అర్థం వెతకలేదు.

నాలుగుంబావుకి పట్నంలో ఆఫీసు బల్ల మీద కాగితం పెట్టింది. అక్కడి పెద్దమనిషి కళ్ళజోడు మీంచి చూసి, మీతో ఎవరూ రాలేదామ్మా, అని అడిగాడు. నేనొచ్చాను కదండీ, అంది నీలవేణి. ఈసారి నోరు తేలిగ్గానే తిరిగింది.

హాస్టల్లో నూటపది మంది పిల్లలు. పొద్దున్నా సాయంత్రమూ హాజరు పిలవాలి. పేరు పిలిస్తే తల వంచుకుని లోపల్లోపల గొణిగే పిల్లల చేత, తలెత్తి "ఉన్నాను" అని గోడ అవతలికి వినపడేలా అనిపించడమే ఆమె మొదటి వారం చేసిన పని.

ఇక్కడ ఇంటి దగ్గర సంగతి. తలుపు హెడ్డాఫీసుకి వెళ్ళింది. గుమాస్తాలు దాని చుట్టూ తిరిగి చూసి, స్పష్టంగా ఉందని ఒప్పుకుని, ముద్ర వేసి తిప్పి పంపారు. అప్పన్న దాన్ని తలకిందులుగా బిగించాడు. ఇంత నిజాయితీ ఏ ఏజెన్సీలోనూ చూడలేదని, తవిటినాయుడి పేర ఒక షీల్డు కూడా ఇంటి అడ్రసుకి పంపారు. అప్పన్న దాన్ని తీసుకుని సందు గుమ్మానికి వచ్చి తట్టాడు. లోపల తండ్రీ అన్నలూ ఉన్నారు. ఇంట్లో ఎవరైనా ఉన్నారా, అన్నాడు.

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. తవిటినాయుడు ఇల్లంతా పరికించాడు. పొయ్యిలో నిప్పు లేదు. బిందెలో నీళ్ళు లేవు. దండెం మీద బట్టలు కోడలు వెళ్ళిన నాటి నుంచి అలాగే ఉన్నాయి. అన్నం పెట్టేవాళ్ళు లేరు, అన్నమూ లేదు. ఇలాంటి ఇంటిని ఎవరూ లేని ఇల్లనే కదా అంటారు. పైగా ఈ గుమ్మంలో ఆ ప్రశ్నకి అయిదేళ్ళుగా వినిపించే జవాబు ఒకటే. ముగ్గురూ ఒకే గొంతుతో, ఎవరూ లేరండీ, అన్నారు. అప్పన్న రాసుకుని వెళ్ళిపోయాడు. మర్నాడూ అంతే, మూడో నాడూ అంతే. షీల్డు వెనక్కి వెళ్ళింది. సొంత షీల్డు విషయంలో కూడా ఇంత నిజాయితీయా అని హెడ్డాఫీసు కదిలిపోయి రెండో షీల్డు పంపింది. అదీ వెనక్కి వెళ్ళింది.

ఆ తర్వాత ఒక ఆదివారం నీలవేణికి సెలవు దొరికింది. ఎంతైనా నలుగురూ ఎలా ఉన్నారో అని మనసు పీకింది. పులిహోర, గుత్తివంకాయ కూర, పెరుగన్నం నాలుగు గిన్నెల క్యారేజీలో సర్దుకుని ఆటో మాట్లాడుకుని వచ్చింది. తలకిందుల తలుపు తట్టింది.

"ఎవరూ లేరండీ," అని లోపలి నుంచి నాలుగు మగగొంతులు.

నీలవేణి రెండోసారి తట్టింది. నీరసంగానే అయినా అదే జవాబు. గుత్తివంకాయ వాసన తలుపు సందుల్లోంచి లోపలికి వెళుతూనే ఉంది. మూడోసారి తట్టింది. "ఎవరూ లేరని చెప్పాం కదండీ," అన్నాడు తవిటినాయుడు, కొంచెం విసుగ్గా.

సంచీలోంచి హాజరు పుస్తకం తీసి, ఒక కాగితం చించి, ఉన్నదున్నట్టు రాసింది. "వచ్చాను. మూడుసార్లు తట్టాను. ఇంట్లో ఎవరూ లేరు. క్యారేజీ తిరిగి తీసుకువెళుతున్నాను." తలుపుకి గుచ్చి, వెళ్ళి ఆటో ఎక్కింది.

ఆటో చప్పుడు విని నలుగురూ బయటికొచ్చి కాగితం చదివారు. ఎంత ఉన్నదున్నట్టు రాసిందో చూశారా, అని తవిటినాయుడు కోడల్ని మెచ్చుకున్నాడు. తర్వాత చివరి వాక్యం ఇంకోసారి చదివాడు. ఒరే, మనం ఉన్నామని చెప్పొచ్చురా, అన్నాడు. ఎలా చెబుతాం, తలుపు ఇక్కడుంది, తట్టే మనిషి అక్కడ వెళ్ళిపోతోంది, అన్నాడు గవరయ్య. అప్పుడు సింహాద్రి కనుబొమల మధ్య మళ్ళీ ఒక ఆలోచన పుట్టింది. తలుపుకి అవతల ఉన్నదంతా ఇల్లే కదా.

ఇంకేముంది. నలుగురూ కలిసి తలుపు ఊడబెరికారు.

మెయిన్ రోడ్డు మీద ఆటో నడిపే అతను అద్దంలో చూసి కంగారుపడ్డాడు. ఒక తలుపు నిలువుగా రోడ్డు మీద పరిగెత్తుకుంటూ వస్తోంది. దాని కింద ఎనిమిది కాళ్ళు. దాని వెనక నుంచి నాలుగు గొంతులు, ఒగరుస్తూ, తట్టవే నీలా, ఒక్కసారి తట్టు, ఇంట్లోనే ఉన్నాం, నలుగురం ఇంట్లోనే ఉన్నాం, అని అరుస్తున్నాయి.

"ఎవరమ్మా వాళ్ళు?" అన్నాడు.

నీలవేణి వెనక్కి తిరిగి, తీరిగ్గా, పైనుంచి కింద దాకా చూసింది. క్యారేజీ ఒడిలోకి జరుపుకుంది.

"ఎవరో బాబూ. రోడ్డు మీద పరిగెత్తుతూ ఇంట్లో ఉన్నామని చెబుతున్నారు. మా వాళ్ళయితే అబద్ధమాడరు. నువ్వు పోనీ."